వాక్యం వచ్చేదాకా వదలకూడదు

హాజరైనవారు: టీచరమ్మ, మా మేనమామ, నేను, టీచరమ్మ పెంచుకునే ఎర్రకోడి. వస్తువులు: వంకీ పిడి గొడుగు ఒకటి, వసారా కప్పును మోస్తున్న చెక్క స్తంభం ఒకటి, నా శికంజా ఒకటి. శికంజా అంటే కడ్డీని రెండు ఇనుప దవడల మధ్య కదలకుండా బిగించే పనిముట్టు. స్థలం బోయిగూడ. పోలీసు చర్య ముగిసి కొన్ని వారాలే అయింది.

నేను యంత్రాల చదువంతా ఉర్దూలో చదివాను. పళ్ళచక్రాల లెక్క ఉర్దూలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నిజాం సర్కారు పోయాక మద్రాసు వైపు నుంచి కొత్త అధికారులు వచ్చారు. మౌలాలి దగ్గర ఒక కార్ఖానాలో ఫిట్టర్ల మీద సూపర్‌వైజర్లు కావాలన్నారు. పరీక్ష నోటితోనే, కానీ ఇంగ్లీషులో. అందులో నెగ్గితే ఉద్యోగం, లేకపోతే మామ గోలీసోడా దుకాణం. మామ అప్పటికే దుకాణంలో నా కోసం రెండో స్టూలు చేయించి పెట్టాడు.

"పాస్ గాకుంటే ఫికర్ జెయ్యకురా. స్టూల్ టేకుది," అనేవాడు.

మామ కూడా పాఠానికి వచ్చేవాడు. మిలిటరీవాళ్ళు సోడాలు బాగా తాగుతున్నారని, వాళ్ళ ఆఫీసర్లతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే గిరాకీ పెరుగుతుందని ఆయన లెక్క.

టీచరమ్మది గుంటూరు వైపు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి చెప్పి, అది మానేశాక కూడా చెప్పడం మానలేదు. క్రియ చేతిలోంచి నోట్లోకి ఎక్కాలని ఆవిడ నమ్మకం. నా పని బిగించే పని కాబట్టి పట్టుకోవడంతో మొదలుపెట్టారు. నియమం ఒక్కటే. క్రియకు తగిన వస్తువును తగిన విధంగా పట్టుకోవాలి, సరైన వాక్యం చెప్పాకే వదలాలి. మధ్యలో ఆవిడతో తప్ప ఎవరితోనూ ఇంకో భాష మాట్లాడకూడదు.

తెలుగులో పట్టుకోవడం అంటాం. మరీ అవసరమైతే ముందు గట్టిగా అనో, ఒడిసి అనో, అదిమి అనో చేరుస్తాం. ఇంగ్లీషులో ఒక్కో పట్టుకు ఒక్కో గది కట్టారు. గ్రిప్ అంటే బలంతో పట్టు. గొడుగు పిడి దానికి. క్లచ్‌లో బలం కంటే కంగారు ఎక్కువ, దానికి కోడి. క్లాస్ప్ ఆప్యాయంగా, వీలైతే రెండు చేతులతో. క్లెంచ్ పిడికిలికీ పళ్ళకీ, లోపల ఏమీ లేకపోయినా ఫరవాలేదు. గ్రాస్ప్ చేతితోనూ చేయవచ్చు, బుర్రతోనూ చేయవచ్చు. క్లాంప్ పనిముట్టు చేసే పని. క్లింగ్ అంటే వదల్లేక అంటుకుపోవడం, దానికి స్తంభం.

నాకు క్లాంప్ వెంటనే వచ్చింది. క్లచ్ రాలేదు.

"అలా పట్టుకుంటే గ్రిప్ అయిపోతుందయ్యా," అన్నారు టీచరమ్మ. "కాస్త భయపడుతూ పట్టుకో."

"కోడి భయపడుతూనే ఉందండీ."

"భయపడాల్సింది కోడి కాదు, నువ్వు."

"డిప్లొమా జేసినోనివి, కోడి ముంగట భయపడొస్తలేదా నీకు?" అన్నాడు స్తంభాన్ని కావలించుకుని ఉన్న మామ. నాతో తెలుగు మాట్లాడినందుకు టీచరమ్మ ఆయన్ను మళ్ళీ మొదటినుంచి అంటుకోమని చెప్పి, మంచినీళ్ళకు లోపలికి వెళ్ళారు.

అప్పుడే ఒక కెప్టెన్, ఇద్దరు సిపాయిలు వసారా ముందు ఆగారు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో దాచిన తుపాకుల కోసం వెతుకుతున్నారు. ఇక్కడేం జరుగుతోందని కెప్టెన్ హిందీలో అడిగాడు. మాకిద్దరికీ ఆ భాష వచ్చు. కానీ మామ చేతుల్లో స్తంభం ఉంది, నా చేతుల్లో కోడి ఉంది, వాక్యం ఇంకా రాలేదు. కెప్టెన్ రెండోసారి కాస్త గట్టిగా అడిగాడు. ఒక సిపాయి వచ్చి స్తంభాన్ని తట్టి చూశాడు, లోపల డొల్లగా ఉందేమోనని. తర్వాత కోడి కింద చూశాడు. సిపాయి భుజం మీద తుపాకీ చూశాక నాకు క్లచ్ పూర్తిగా వచ్చేసింది.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఐ క్లింగ్ టు ద పిల్లర్, బికాజ్ మిలిటరీ హాజ్ కమ్."

"వెరీ గుడ్," అని లోపలినుంచి టీచరమ్మ కేక వేశారు. "ఇక వదలండి."

మామ వదిలాడు. టీచరమ్మ నీళ్ళతో బయటికి వచ్చి, ముందు కెప్టెన్‌కు ఇచ్చి, ఇది ఇంగ్లీషు తరగతి అని ఇంగ్లీషులో చెప్పారు. ఆయన నీళ్ళు తాగి, నా వంక చూసి, ఈ అబ్బాయి వాక్యం ఏదని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఆయన కాసేపు ఓపిగ్గా నిలబడి వెళ్ళిపోయాడు. మరునాడు ఆ కెప్టెన్ మామ దుకాణానికి సోడాకు వచ్చాడు.

"నేను పాసైన. నువ్వే గాలె," అన్నాడు మామ. స్టూలుకు వార్నిష్ కూడా వేయించాడు.

పరీక్షనాడు గదిలో ఇద్దరు అధికారులున్నారు. పెద్దాయన లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నేను అందుకున్నాను. అందుకున్నాక వదలడం నా చేతిలో లేకపోయింది. వాక్యం కావాలి. క్లచ్ అంటే భయపడ్డానని నేనే ఒప్పుకున్నట్టు. క్లాస్ప్ అంటే కొత్త మనిషి దగ్గర చనువు. క్లాంప్ అనడానికి నేను పనిముట్టును కాను. క్లింగ్ నిజమే గానీ, ఉద్యోగానికి వచ్చినవాడు అనవలసిన మాట కాదు. పెద్దాయన చెయ్యి ఒకసారి మెల్లగా లాగి చూసుకున్నాడు.

"సర్, ఐ యామ్ గ్రిప్పింగ్ యువర్ హ్యాండ్," అన్నాను.

తనకూ తెలుస్తూనే ఉందన్నాడు ఆయన. ఎప్పుడు వదులుతావని అడిగాడు.

"వెన్ ద సెంటెన్స్ ఈజ్ కరెక్ట్, సర్."

ఆయన పక్కనున్న అధికారి వైపు తిరిగి, వాక్యం సరిగ్గానే ఉందా అని అడిగాడు. ఆ అధికారి కళ్ళజోడు సర్దుకుని, కొంచెం ఆలోచించి, తప్పేమీ కనబడటం లేదన్నాడు. నేను వదిలాను. పెద్దాయన వేళ్ళు ఒకసారి ఆడించుకుని, బల్లమీది ఇనుప కడ్డీ చూపించి, ఆకురాయి పెట్టేటప్పుడు ఇది తిరగకుండా ఏం చేస్తావని అడిగాడు.

"ఐ విల్ క్లాంప్ ఇట్, సర్."

చేత్తో పట్టుకోవా అని అడిగాడు. పట్టుకోనని తల అడ్డంగా ఊపాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించారు.

ఉద్యోగం వచ్చిందని చెబితే మామ సోడాసీసాలన్నీ కడిగి బోర్లించాడు. "మరి గా స్టూల్ ఏం జెయ్యాలెరా?" అని చివరికి అడిగాడు. సాయంత్రం పూట దానిమీద కెప్టెన్ కూర్చోవడం మొదలుపెట్టాడు.

పరీక్షకు వెళ్ళినవాళ్ళం పదకొండుమంది. తీసుకున్నది నలుగురిని. నేను మాట్లాడిన ఇంగ్లీషు వాక్యాలు మూడు.