పరుశురాం గోడవైపు మోత

డిండోలిలో మా వరస ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయి. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నాది ఎదురుగా చిన్న కిరాణా కొట్టు కాబట్టి ఎవరింట్లో ఏం జరిగినా నాకు తెలియకుండా పోదు. సదానందం గురించి చెప్పాలంటే గోడ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. గోడకి ఇటు సదానందం, అటు పరుశురాం. ఇద్దరూ సిరిసిల్ల వైపునుంచి పనికోసం ఇంత దూరం వలస వచ్చినవాళ్ళే, ఇద్దరూ ఒకే మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్ళే. పరుశురాం అక్కడ జాబర్, అంటే మగ్గాలు బిగించి సరిచేసే పెద్ద మేస్త్రీ. ఆ మనిషంటే నాకు ఒళ్ళు మంట. దాచుకోను.

ఒకరోజు షిఫ్టు మారే వేళకి షెడ్డులో మగ్గానికెక్కించే బీము ఒకటి, దానికి చుట్టిన పడుగు దారాలన్నీ అడ్డంగా కోసేసి ఉంది. ఎవడు చేశాడని సేటు అరుస్తుంటే, పరుశురాం అందరిముందూ సదానందం వైపు వేలు చూపించాడు. అంతకుముందే కూలి పెంచమని సదానందం గట్టిగా అడిగి ఉన్నాడు, సేటుకి అది చాలింది. నేతపనివాళ్ళు దొంగనైనా క్షమిస్తారేమో గాని పడుగు కోసినవాణ్ణి క్షమించరు. అన్నం పెట్టే దారం అది. పాండేసరలో ఏ షెడ్డూ మళ్ళీ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ‘బీము కోసినోడు’ అని పేరు పడిపోయింది. అతని భార్య వినోద బతుకమ్మ ఆడటానికి వస్తే పక్కనున్నావిడ జరిగిపోయేది. నా కళ్ళతో చూశాను.

సదానందం టెంపో నడపడం నేర్చుకుని చీరల మూటలు తోలుతూ బతికాడు. లోపల మాత్రం రగిలిపోతూనే ఉన్నాడు. నా కొట్టు ముందు చాయ్ తాగినప్పుడల్లా అదే మాట.

“అక్కా, వాడు నా ఇంటి ముంగటికొచ్చి చేతులు జోడియ్యాలె. సదానందం బీము కొయ్యలేదని గల్లీ అంత ఇనంగ చెప్పాలె. గది సూసినంకనే నేను సస్త.”

అతనికున్న ఒకే ఒక్క సరదా పాట. మగ్గాల మోతలో బతికిన చెవులకి ముందు సన్నని శబ్దాలు దూరమవుతాయి. కుక్కరు కూత కూడా అతనికి సరిగా వినపడేది కాదు. డప్పు దెబ్బ మాత్రం తెలిసేది, అది చెవికే కాదు ఛాతీకీ తగులుతుంది కాబట్టి. అందుకని ఉధ్నాలో కారు స్పీకర్లు బిగించే రవీంద్ర దగ్గర పాత సబ్ ఊఫర్ ఒకటి, అంటే డప్పు దెబ్బని అదిరేలా మోగించే పెద్ద స్పీకరు డబ్బా, కొన్నాడు. వెనక గది ఖాళీ చేసి, మధ్యలో కుర్చీ వేసి, ఇది పాట వినే గది అన్నాడు. నాలుగు ఉత్త గోడలు, కింద టైల్సు. చప్పట్లు కొడితే తిరిగి మనకే వినపడేది.

రవీంద్ర వచ్చి చేసిన పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మనిషిని కూర్చోబెట్టినట్టు ఊఫర్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. పాట పెట్టి సదానందాన్ని నేలమీద పాకమన్నాడు.

“అన్నా, నువ్వు కూసునే తాన డబ్బా పెట్టిన. ఇగ నువ్వు గోడల పొంటి పాక్కుంట ఇను. దెబ్బ ఏడ సాఫ్ ఇనబడ్తదో గాడ డబ్బా పెడ్దాం.”

నేను ఉప్పు పొట్లం ఇవ్వడానికి వెళ్ళేసరికి సదానందం బొజ్జ నేలకి రాసుకుంటూ పాకుతున్నాడు. కిటికీ కింద దెబ్బ విడివిడిగా, శుభ్రంగా వినిపించిందట. పరుశురాం గోడ మూలకి వచ్చేసరికి శబ్దం ఉబ్బిపోయి బుర్ర పట్టేసిందట. రవీంద్ర అక్కడ వద్దన్నాడు.

“మూలకు పెడితె రెండు గోడలు, నేల కలిసి మోతను పెంచుతయి. గోడల నుంచి పక్కింటోళ్ళకు పోతది. నీకు మాత్రం అంత బురద లెక్క ఇనబడ్తది. నడుమ కుర్సీ కాడికైతె సగం రానే రాదు.”

సదానందం మోకాళ్ళమీదే ఆగిపోయాడు.

“పక్కింటోళ్ళకు పోతదా?”

“పక్కా పోతది.”

“అయితె గాడనే పెట్టు.”

ఇక చూడండి, రోజూ సాయంత్రం మోతే మోత. కుర్చీలో కూర్చుంటే దెబ్బ సరిగా రాదు కాబట్టి ఇంకా పెంచేవాడు. పెంచినకొద్దీ మూలలో బురద పెరిగేది గాని పాట వచ్చేది కాదు. వినోద నెత్తి కొట్టుకుంది.

“నీకు ఇనబడకపాయె, మాకు నెమ్మది లేకపాయె. ఎవల కోసమయ్యా ఈ మోత?”

“గోడ అవతలోని కోసం.”

నా కొట్టులో చాక్లెట్ల సీసాలు కూడా ఊగాయి. వెనక వీధివాళ్ళు వచ్చి గొడవపడి పోయారు. రావలసినవాడు మాత్రం రాలేదు. పరుశురాం అప్పటికే పని మానేసి ఇల్లు కదలడం లేదు. “ఓర్చుకుంటుండు. ఎన్ని దినాలు ఓర్చుకుంటడో నేనూ సూస్త” అని సదానందం పళ్ళు నూరాడు.

ఒకసారి టెంపో చెడిపోయి అతను రెండు రోజులు సచిన్ అనే ఊళ్ళో చిక్కుపడ్డాడు. ఇంటికొచ్చిన రోజు పరుశురాం భార్య నర్సవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. వినోద పిలిస్తే నేనూ వెళ్ళాను. సదానందం ముఖం అప్పుడు చూడాలి! ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చేసినట్టున్నాయి.

“తమ్మీ, నిన్న మొన్న పాట పెట్టకపోతివేంది?” అందామె.

“ఏంది?”

“మీ అన్నకు చెవులు పూర్తిగ పోయినయి. మిషన్ పెట్టినా ఫాయిదా లేదని డాక్టర్ చెప్పిండు. నేను పిలిస్తె ఇనబడది. గా గోడకు వీపు ఆనిచ్చి కూసుంటె మాత్రం నీ డప్పు తెలుస్తదట. రోజు చాయ్ గిలాస పట్టుకొని గాడనే కూసుంటడు, కాలు గూడ ఊపుతడు. మొన్నటి సంది గోడ తడుముతుండు తమ్మీ.”

ఆమె వెళ్ళాక సదానందం గోడని గుద్దాడు. ఇన్నాళ్ళూ తన పాటని తానే పాడుచేసుకుని పగవాడికి పండగ చేశాడు! ఆ కడుపుమంట ఎలాంటిదో నాకు తెలుసు.

ఆ పూటే ఊఫర్ని మూలనుంచి లాక్కొచ్చి కిటికీ కింద పెట్టాడు. నేలకి అదురు పట్టకుండా దాని కింద పాత టైరు ముక్కలు వేశాడు. కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. మిల్లుల్లో మిగిలే గుడ్డపీలికల మూటలు టెంపోనిండా తెచ్చి పరుశురాం గోడ పొడవునా పైకప్పుదాకా పేర్చాడు. గదిలో మారుమోత అంతా ఆ గుడ్డలు తాగేశాయి. కుర్చీ దగ్గరికి దెబ్బ తిన్నగా వస్తుండటంతో మోత బాగా తగ్గించినా సరిపోయింది. పాట మొదటిసారి పాటలా వినపడింది. వినోద కూడా వచ్చి కూర్చుంది. గోడ అవతలికి ఏమీ పోలేదు.

కొన్నాళ్ళకి పరుశురాం తానే వచ్చాడు. షిఫ్టు వదిలే వేళ, గల్లీ నిండా బైకులు, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మనుషులు. వచ్చి చేతులు జోడించాడు. తన గొంతు తనకే వినపడదు కాబట్టి అరుస్తున్నాడు.

“సదానందం! డబ్బా జరిపినవా? జర ఎప్పటి తీరుగ పెట్టు. నాకు గదొక్కటే ఉన్నది!”

సదానందం గుమ్మంలోకి వచ్చాడు. నోటితో చెప్పి లాభం లేదు. మగ్గాల మోతలో మాట వినపడదు కనక షెడ్డుల్లో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అతను కూడా రెండు చేతులతో బీము చుట్టినట్టు చూపించాడు, రెండు వేళ్ళతో కోసినట్టు చూపించాడు. వేలు తన గుండెకి ఆనించుకుని, నేనా అన్నట్టు అరచెయ్యి తిప్పాడు.

పరుశురాం అటూ ఇటూ చూశాడు. జనం ఉన్నారని ముందుకు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గుసగుసలాడుతున్నానని అనుకున్నాడు పాపం. ఆ గొంతు గల్లీ చివరిదాకా వినపడింది.

“నువ్వు కొయ్యలే. బీము నేనే తప్పు బిగిచ్చిన. సేటుకు తెలిస్తె నా నౌకరి పోతదని నేనే కోసిన.”

బైకులు ఆగిపోయాయి. వినోద గుమ్మం పట్టుకుని భోరుమంది. బతుకమ్మలో జరిగిపోయినావిడ నా కొట్టు ముందే ఉంది, తల ఎత్తలేదు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. పరుశురాం ఒక్కడికే ఏం జరిగిందో తెలియలేదు. “ఇగ పెడ్తవు గద?” అని నవ్వుతూ అడుగుతున్నాడు.

సదానందం తలుపు వేసుకున్నాడు.

మర్నాడు వినోదే బతిమాలింది. “అనుకున్నది అయిపాయె గద. డబ్బా మల్ల మూలకు పెట్టరాదు? ముసలోడు గోడకు చెయ్యి ఆనిచ్చి కూసున్నడట.”

“కూసోనియ్. నేనెన్నేండ్లు తల దించుకొని తిరిగిన్నో, అన్నేండ్లు కూసోనియ్.”

ఊఫర్ ఇంకా కిటికీ కిందే ఉంది. సదానందం మనసు మరీ రాయి అని గల్లీలో కొందరు ఇప్పుడు అంటున్నారు. నా కొట్టు ముందు నిలబడి మాత్రం ఆ మాట అననివ్వను.