ఎడమ తలుపు మీద ఇరవయ్యేడు

అద్దం మేస్త్రి సిగ్గుపడ్డాడంటే ఆ షెడ్డులో ఎవరూ నమ్మేవారు కాదు. ముప్పయ్యారేళ్లుగా కార్లకు రంగులు వేస్తున్న మనిషి. ఆయన రంగేసిన బండి పక్కన ఆగి జనం తల దువ్వుకునేవాళ్లు, అందుకే ఆ పేరు వచ్చింది. ఒకాయన తలుపులో చూసుకుంటూ గడ్డం కూడా గీసుకున్నాడని చెబుతారు గానీ, ఆ ముచ్చట మేస్త్రే పుట్టించాడని నా అనుమానం. పొగడ్తంటే చెవి కోసుకునే రకం మరి. అలాంటి మనిషి ఒక పాత కారు తలుపు ముందు తలెత్తలేక నిలబడిపోయిన సంగతి ఇది. నిజం చెప్పొద్దూ, ఆయన్ని వెనకేసుకు రావాలని నాకూ ఉంది. కానీ ఎక్కడా సందు దొరకడం లేదు.

షెడ్డు ఆయన బావమరిదిది. మొదట్లో అందరిలాగే అన్ని బళ్లూ బాగుచేసేవాళ్లు. తర్వాత బావమరిదికి పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టింది. అవి ఎప్పుడో మూతపడ్డ కంపెనీలు పాతికో ముప్పయ్యో మాత్రమే తయారుచేసి వదిలేసిన బళ్లు. ఆ పనిలో మెరుపు ఎవరికీ అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టడమే గొప్ప. వెలిసిన రంగు, చిరిగిన సీటు, గీత పడ్డ గాజు, ఏదైనా సరే, బండితో పాటు పుట్టిందైతే దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకోవాలి. పోగొడితే మళ్లీ తెచ్చిపెట్టే మొనగాడు లేడు.

మేస్త్రికి ఇదంతా పెద్ద వేళాకోళం. "మురికిని కాపాడ్డానికి ఒక షెడ్డు, దానికో తాళం! నవ్విపోతార్రా ఎవరైనా వింటే," అనేవాడు.

"బావా, నువ్వు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని సాయంత్రం దాకా నిలబడు చాలు. నీకు అంతకు మించిన పని లేదు," అనేవాడు బావమరిది.

షెడ్డులో ఏ బండినైనా ముట్టుకునే ముందు దాని సంగతంతా రాసిపెట్టే పని మేస్త్రి కూతురిది. ఇరవయ్యారేళ్ల పిల్ల. బండి రాగానే అంగుళం అంగుళం ఫోటోలు తీస్తుంది. రంగు ఎంత మందం ఉందో చిన్న మీటరు ఆనించి కొలుస్తుంది. ముట్టుకోకూడని చోట ఎర్ర చీటీ అంటిస్తుంది. పనంతా అయ్యాక మళ్లీ కొలిచి, ఏది పాతదో ఏది కొత్తదో నివేదిక రాసి కింద సంతకం పెడుతుంది. పాత కార్ల సంఘం వాళ్లు ఆ నివేదికను తమ పుస్తకంలో ఎక్కించుకుంటారు. అలాంటి బండే ఉన్న ఇంకొకరు ఎక్కడో కూర్చుని, ఈ పిల్ల రాసింది చూసి తమ బండి సరిచేసుకుంటారు. ఆమె మాటకు అంత విలువ. పనిలో చేరిన మొదటి రోజే తండ్రి చేత ఒట్టు వేయించుకుంది.

"నాన్నా, ఎర్ర చీటీ ఉన్నచోట నీ చెయ్యి పడకూడదు. ఒట్టెయ్యి."

"ఓసి నీ అసాధ్యం కూలా! నడక నేర్పింది నేను, నువ్వు నాకు ఒట్లు నేర్పుతున్నావా?" అని నవ్వుతూనే ఒట్టేశాడు. తర్వాత ఆ ముచ్చట కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

ఆ ఏడాది ఎండలు మొదలవుతుండగా లారీ మీద ఒక ఆకుపచ్చ బండి దిగింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకు అంటుకుపోయినట్టు ఉంటుంది. తెచ్చిన పెద్దాయనకు డెబ్బయి దాటాయి. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. "ఇంజిను తిరిగితే చాలు బాబూ, ఇంకేదీ ముట్టుకోకండి," అని రెండుసార్లు చెప్పి వెళ్లాడు. ఎడమ తలుపు మీద ఎవరో కుంచెతో తెల్లగా ఇరవయ్యేడు అని వేశారు. రెండు తోక వంకర తిరిగింది, ఏడుకు నడుం మీద అడ్డగీత ఉంది. ఏడు కాలి నుంచి ఒక చుక్క కిందికి కారి, చివర కందిపప్పు బద్దంత ఉబ్బి ఎండిపోయింది. ఆ అంకె పక్కనే అమ్మాయి ఎర్ర చీటీ అంటించింది. మర్నాడు ఏదో శిక్షణ ఉందని పన్నెండు రోజులకు వేరే ఊరు వెళ్లింది.

మూడో రోజు మధ్యాహ్నం. బావమరిది ఇంజిను సామాను కోసం బజారుకు వెళ్లాడు. మేస్త్రి భోంచేసి, చేతులు కడుక్కుని వచ్చి, తలుపు ముందు నిలబడ్డాడు. ఆకుపచ్చ పాలిపోయి, సుద్ద పూసినట్టుంది. ఆయన చేతులు ఊరుకోలేదు. ఒక్క అరచేతంత, అదీ అంకెకు దూరంగా, కింది మూలన రుద్ది చూద్దాం, లోపల రంగు ఎలా ఉందో తెలుస్తుంది, అంతే కదా అనుకున్నాడు. మెత్తటి గుడ్డకు పాలిష్ అద్ది నాలుగుసార్లు తిప్పేసరికి తడిసిన ఆకులాంటి పచ్చదనం పైకి తేలింది. "అబ్బ! నిన్ను ఇన్నాళ్లూ ఇలా ఉంచారటే!" అన్నాడు ఆ తలుపుతో.

ఇప్పుడు ఆ అరచేతంత చోటు మెరుస్తోంది, చుట్టూ వెలవెలబోతోంది. అంచు కనబడకూడదని ఇంకాస్త రుద్దాడు. దాని అంచు కనబడకూడదని ఇంకాస్త. పైగా అది ముప్పయ్యారేళ్ల అలవాటున్న చెయ్యి, ఆగమంటే ఆగుతుందా? గుడ్డ అంచు వెళ్లి ఏడు కాలికి తగిలింది. ఎండిపోయిన ఆ తెల్లరంగు పిండిలా రాలి గుడ్డకు అంటుకుంది. మరక పోగొడదామని కంగారులో రంగు కరిగించే థిన్నరు తీశాడు. దెబ్బకు ఏడు మొత్తం పోయింది, రెండు సగం పోయింది. తలుపు మడత దగ్గర పచ్చరంగు కూడా అరిగి కింద మొదటి పూతగా వేసిన ప్రైమర్ బయటపడింది.

జేబులోంచి ఫోను తీశాడు. కూతురి నంబరు దాకా వెళ్లి ఆగాడు. చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. నాలుగు తిట్లు తినేవాడు, ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడేది కాదు. కానీ, ఒట్టు తప్పానని ఏ నోటితో చెప్పడం? తన చేతిలో పెరిగిన పిల్ల దగ్గర తల దించుకోవడమా? ఫోను మళ్లీ జేబులో పెట్టేశాడు. ఇదిగో, ఇక్కడే ఆయన మీద నాకు ఒళ్లు మండుతుంది.

తలుపు మీద గుడ్డ కప్పి, "మడతబందులకు నూనె వేశాను, దుమ్ము పడకుండా కప్పాను," అని బావమరిదికి చెప్పాడు. అమ్మాయి తీసిన ఫోటోను అంతే కొలతలో అచ్చు వేయించుకున్నాడు. పక్కన పడేసిన ఒక పాత బానెట్ మీద ఇరవయ్యేడు ఎన్నిసార్లు రాసి ఉంటాడో లెక్కలేదు. బావమరిది షెడ్డులో లేని వేళ చూసుకుని పచ్చరంగు మళ్లీ కొట్టి, మెరవకుండా చంపడానికి నానా తంటాలు పడ్డాడు. జీవితమంతా మెరిపించడానికి చెమటోడ్చిన మనిషి, మెరుపు చంపడానికి అంతకు రెట్టింపు చెమటోడ్చాడు. బూడిద రుద్దాడు, టీ నీళ్లు పూశాడు, బండిని ఎండకు తిప్పాడు. ఆ కారిన చుక్క దగ్గర మాత్రం రెండు రోజులు ఇబ్బంది పడ్డాడు. చిక్కగా ఉంటే కారదు, పల్చగా ఉంటే చివర ఉబ్బదు. చివరికి అదీ కుదిరింది. అన్నిటికంటే సిగ్గుమాలిన సంగతి చెప్పనా? పని అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, భేష్ అనుకుని మీసం దువ్వుకున్నాడు.

పన్నెండో రోజు అమ్మాయి వచ్చింది. వస్తూనే మీటరు పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. బానెట్ అయింది, కుడి తలుపు అయింది, డిక్కీ అయింది. ఎడమ తలుపు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి అక్కడే తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

"అది నేను చూసుకున్నాలే అమ్మా," అన్నాడు.

అమ్మాయి ఒక్క క్షణం ఆయన వంక చూసి నవ్వింది. "నువ్వు చూశాక మళ్లీ నేనెందుకు నాన్నా," అని మీటరు జేబులో వేసుకుంది. పాత కొలతనే మళ్లీ రాసి సంతకం పెట్టింది. "మావయ్యా, చూశావా! పన్నెండు రోజులు, ఒక్కచోట కూడా చెయ్యి పెట్టలేదు మా నాన్న. మారడు అన్నావుగా, ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను? మీ నాన్నకు జ్వరమేమైనా తగిలిందేమో చూడు," అన్నాడు బావమరిది.

మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎలా నవ్వాడో ఆయనకే తెలియాలి. ఆ సాయంత్రం నుంచి ఆయనకు తిండి సహించలేదు. ఇంట్లో కూతురు ఎదురుగా కూర్చుంటే కంచంలోకి చూసేవాడు. "ఏమిటా మౌనవ్రతం? షుగర్ చూపించుకోండి ముందు," అని భార్య పోరింది. ఆ షుగరేదో ఉన్నా బాగుండునని ఆయనకు అనిపించింది, పడుకుని ఉండటానికి ఒక సాకు దొరికేది. కక్కలేక మింగలేక ఐదు రోజులు గడిపాడు.

ఆరో రోజు పెద్దాయన బండి తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇంజిను మోత వినగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అమ్మాయి నివేదిక చదువుతూ ఆయన్ని బండి చుట్టూ తిప్పింది. మేస్త్రి రంగు డబ్బాల వెనక్కి జరిగాడు.

"ఎడమ తలుపు. రంగు బండితో పుట్టింది. అంకె చేత్తో రాసింది. రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి," అని చదివింది.

పెద్దాయన ఒక స్టూలు లాక్కుని తలుపు ముందు కూర్చున్నాడు. వేలితో రెండు తోక చుట్టూ తిప్పాడు, ఏడు నడుం మీది గీత తడిమాడు, చుక్క దగ్గర ఆగాడు.

"ఇది మా అక్క రాసిందమ్మా," అన్నాడు. "కొండ రోడ్డు మీద పందెం ఆ రోజు. అక్క నడిపేది, నేను పక్కన కూర్చుని మలుపులు చెప్పేవాణ్ణి. అంకెలు వేసేవాడు రాలేదు. కిటికీలకు వేయగా మిగిలిన రంగు డబ్బా తెచ్చి తనే రాసేసింది. ఆరనివ్వవే అక్కా అంటే, గాలికి ఆరుతుందిలే, ఎక్కరా అంది. ఈ చుక్క దార్లో కారింది. దీని గురించి నలభయ్యేళ్లు తిట్టాను ఆవిణ్ణి." చుక్క మీది దుమ్ము వేలితో తుడిచాడు. "పోయి నాలుగేళ్లయింది. ఫోటోలున్నాయి గానీ, రాసే అలవాటు లేని మనిషి. ఆవిడ చేత్తో రాసింది నా దగ్గర ఇదొక్కటే మిగిలింది."

అరచెయ్యి మొత్తం చుక్క మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి, రంగు డబ్బాల దగ్గరికి వచ్చి, మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ అమ్మాయి చెప్పింది. చెయ్యి పెట్టకుండా ఉండటమే మీకు కష్టమట కదా. నా కోసం అంత ఓపిక పట్టారు. మీకు దండం పెట్టాలి బాబూ."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చేతులు లాక్కోవాలనుకున్నాడు, పెద్దాయన వదల్లేదు. పక్కన కూతురు గర్వంగా చూస్తోంది. ఆ చూపు మాత్రం ఆయన భరించలేకపోయాడు.

"అది ఆవిడ రాసింది కాదండీ," అన్నాడు. "నేను రాశాను. పాతది నా చేత్తోనే పోయింది. రుద్దాను. రుద్దొద్దన్నా రుద్దాను. ఎవరికీ చెప్పకుండా మళ్లీ రాసి పెట్టాను."

పెద్దాయన చేతులు మెల్లగా వదిలేశాడు. అర్థం కానట్టు తలుపు వంక చూశాడు.

"ఆ కారిన చుక్క?" అన్నాడు.

"అదీ నేనేనండీ."

పెద్దాయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇందాక ఆ చుక్క మీద ఆనించిన చెయ్యి అది. బయటికి వెళ్లి బండికి వీపు పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. ప్రతిదానికీ ఒక జోకు పేల్చే బావమరిది గ్లాసుతో మంచినీళ్లు తీసుకుని ఆయన వెనకే వెళ్లాడు. మేస్త్రి కూతురి మొహం వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

చాలాసేపటికి పెద్దాయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"అమ్మాయ్, ఆ అంకె తీసేయించు. తలుపు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. అదలా ఉంటే, చూసినప్పుడల్లా అక్కదే అనుకుని చెయ్యి వేస్తాను నేను."

మేస్త్రి గుడ్డ తీసుకున్నాడు, థిన్నరు డబ్బా మూత తిప్పాడు.

"ఆగండి," అంది కూతురు.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆయన్ని మీరు అనలేదు. మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె జేబులోంచి మీటరు తీసి ఎడమ తలుపుకు నాలుగుచోట్ల ఆనించింది. నివేదికలో తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. కొత్త కాగితం తీసి, కలం పట్టుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"మేస్త్రి గారూ, పాత అంకె ఏ తేదీన పోయింది?"

ఆయన చెప్పాడు. ఆమె రాసుకుంది.

"కొత్తది రాయడం ఎప్పుడు మొదలుపెట్టారు?"

అదీ చెప్పాడు.