యజమానురాలు రెబెకమ్మ

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు పోయే దారిలో ఊరు దాటిన కాసేపటికి నిమ్మతోటలు కనిపిస్తాయి. వాటి చుట్టూ కంచెకు నిలబెట్టిన సిమెంటు స్తంభాల్లో చాలా వాటిని పోసింది రెబెకమ్మ. ఆ సంగతి చాలాకాలం తోటల రైతులకు కూడా తెలియదు. వాటిని రాజమోహన్ రెడ్డి పోల్స్ అనేవాళ్ళు.

రెబెకమ్మ ఈ పనిలోకి కోరి రాలేదు. ఆమె భర్త యేసురత్నం తాపీమేస్త్రి. సంగం అనే ఊళ్ళో ఒక మేడ కడుతూ పరంజా మీద నుంచి పడ్డాడు. నడుముకు దెబ్బ తగిలింది. మనిషి దక్కాడు గానీ మళ్ళీ బరువు ఎత్తలేకపోయాడు. కూతురు జెస్సీ అప్పుడు చిన్నపిల్ల. రాజమోహన్ రెడ్డి రోడ్డు పక్కన తన స్థలంలో కంచె స్తంభాలు పోయిస్తున్నాడని విని, రెబెకమ్మ తట్ట పట్టుకుని అక్కడికి కూలికి వెళ్ళింది.

కంకర మోసే ఆడవాళ్ళను స్తంభాలు పోసే ఇనుప అచ్చుల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఒక ఎండాకాలం అచ్చులు పోసే మేస్త్రి చెప్పాపెట్టకుండా మానేశాడు. రైతులేమో స్తంభాల కోసం ట్రాక్టర్లు వేసుకొచ్చి నిలబడ్డారు. రెబెకమ్మ ఇంటికి వెళ్ళి భర్తను ఆటోలో ఎక్కించుకొచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని ఇనుప కమ్మీలు కట్టి చూపించాడు, ఆమె అచ్చులు పోసింది. స్తంభాలు గట్టిగా వచ్చాయి.

రాజమోహన్ రెడ్డి వచ్చి చూసి, "ఇంక ఈ యార్డు నువ్వే చూసుకో రెబెకమ్మా. నాకు సరుకు వస్తే చాలు" అన్నాడు.

అలా మొదలై ఏళ్ళు గడిచాయి. సిమెంటు తెప్పించేది ఆమె, ఆడకూలీలను కుదుర్చుకునేది ఆమె, ఎండలో స్తంభాలు పగలకుండా పొద్దున సాయంత్రం నీళ్ళు పోయించేది ఆమె. సరుకు మొత్తం రాజమోహన్ రెడ్డే తీసుకుని తన పేరుతో అమ్మేవాడు.

ఒకరోజు ఆయన యార్డుకు హుషారుగా వచ్చాడు. దగ్గరలో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ తన స్థలం చుట్టూ కంచె వేయించబోతోంది. ప్రభుత్వ సంస్థలు కొనే సరుకులో కొంత భాగం ఆడవాళ్ళ చిన్న పరిశ్రమల నుంచి, ఇంకొంత ఎస్సీ, ఎస్టీల పరిశ్రమల నుంచి తీసుకోవాలని నియమం.

"నీ పేరు మీద కంపెనీ పెడదాం. నువ్వు సంతకం పెట్టు, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు.

"నా పేరు మీదంటే... నాదే అయిపోతాదా సార్?"

ఆయన నవ్వాడు. "పేరు నీది, పని నీది, వ్యవహారం నాది. అందరూ ఇట్టనే చేస్తా ఉండారు. నీకేం నష్టం?"

యేసురత్నం పడిపోయినప్పుడు ఆ దారిన పోతూ ఆగి తన కారులో నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయింది ఆయనే. ఆ మనిషి అడిగితే కాదనడం ఎట్లా? సరేనంది.

దరఖాస్తు నింపడానికి రెబెకమ్మ పిన్నమ్మ కొడుకు, వింజమూరులో టీచరుగా పనిచేసే జోసెఫ్ వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ అడుగుతూ కులం దగ్గర ఆగాడు.

"అక్కా, నీ చిన్నప్పటి బడి కాగితాల్లో ఎస్సీ అనే ఉండాది. అదే రాస్తే రెండు కోటాల్లోకీ వస్తావు. ఉన్నదున్నట్టు చెప్తే మనం క్రిస్టియన్లం, మతం మారిన ఎస్సీలను బీసీ-సి కింద లెక్కేస్తారు. అప్పుడు ఆడోళ్ళ కోటా ఒక్కటే."

రెబెకమ్మ ల్యాప్‌టాప్ వైపు చూసి అడిగింది. "చిన్నప్పుడు మనకి టీ కొట్టులో గ్లాసు వేరేగా పెట్టినోళ్ళు, చర్చికి పోతామా లేదా అని అడిగి పెట్టినారా?"

"లేదక్కా."

"మరి ఈ రూలేందబ్బా?"

జోసెఫ్ ఆ గడి ఖాళీగానే వదిలి ఆమె వైపు తిరిగాడు. ఆమే మళ్ళీ అంది. "ఆదివారం చర్చిలో కూర్చుని, సోమవారం కాదని ఎట్ట రాసేది? నేనేందో అదే రాయి. ఒక కోటా అయితే ఒకటే."

దరఖాస్తు వెళ్ళిన తర్వాత, సంస్థ కొనుగోళ్ళ విభాగం నుంచి నవ్యశ్రీ అనే అధికారి యార్డు చూడటానికి వచ్చింది. పరిశ్రమ నిజంగా ఆడవాళ్ళదా, పేరుకు మాత్రమేనా అని తేల్చడం ఆమె పని. రాజమోహన్ రెడ్డి కుర్చీలు వేయించి, కొబ్బరిబోండాలు తెప్పించి ముందే కూర్చున్నాడు. నవ్యశ్రీ రెబెకమ్మను అడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబు చెప్పాడు.

"సార్, ఆమెను చెప్పనివ్వండి" అంది నవ్యశ్రీ. తర్వాత రెబెకమ్మ వైపు తిరిగి, "ఈ స్థలం ఎవరిదమ్మా?" అని అడిగింది.

"సార్‌ది."

"కరెంటు మీటరు?"

"సార్‌దే మేడం."

"స్తంభాలు ఎవరెవరు కొంటారు?"

"సారే తీసుకుంటారు."

"రేపు సారు పని ఆపేయమంటే?"

రెబెకమ్మ తల వంచుకుంది. "ఆగిపోతాది మేడం."

వెళ్ళబోయే ముందు నవ్యశ్రీ ఆమెను పక్కకు పిలిచింది. "మీ కష్టం నాకు కనిపిస్తోందమ్మా. కానీ నేను చూడాల్సింది ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందని. మీ మాట చెల్లడం లేదు. మీకు రావలసిన వాటా మీ పేరుతోనే ఇంకొకరికి పోతుంటే నేను సరేనని రాయలేను. ఎప్పుడైనా మీ సొంతంగా పెట్టుకుంటే చెప్పండి. నేనే వస్తాను."

దరఖాస్తు తిరిగి వచ్చేసింది. రెబెకమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వచ్చి మంచం మీద కూలబడి, "చేతులు కాయలు కాచిపోయినాయి. అవి కనపడలేదా ఆ మేడానికి? యజమాని కాదంట!" అంది.

యేసురత్నం మెల్లగా అన్నాడు. "ఆమె యాడ అనింది మే? ఆగిపోతాదని నువ్వే కదా చెప్పినావు."

రెబెకమ్మకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకున్నాక, అతను చెప్పింది నిజమేనని అర్థమైంది. ఇన్నేళ్ళూ యార్డు తనదేనని ఆమె మనసులో అనుకుంటూ వచ్చింది. కాదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పేదాకా ఆ తేడా ఆమెకు తట్టలేదు.

"సొంతంగా పెడదాం" అంది.

"రెడ్డిగారిని కాదని ఈడ ఎట్ట బతికేది?"

"ఆయన్ని కాదనడం లేదు. నాకు నేను అవుననుకుంటా ఉండాను."

పొదుపు సంఘంలో ఆమెతోపాటు ఉండే శీనమ్మకు అనంతసాగరం రోడ్డు మీద కొంచెం చవుడు నేల ఉంది. పంట పండదు. రెబెకమ్మ దాన్ని తన పేరు మీద లీజుకు రాయించుకుంది. తర్వాత రాజమోహన్ రెడ్డికి చెప్పడానికి వెళ్ళింది.

"ఎవరు నూరిపోసినారు నీకు?" అని ఆయన గట్టిగా అరిచాడు. "అచ్చులు నావి. ఒక్కటి కూడా ఈడనుంచి కదలదు."

"మీవి మీకే సార్. అన్నీ గీకి, నూనె రాసి వరసగా పెట్టినాను. తుప్పు పట్టవు" అని చెప్పి వచ్చేసింది.

సంఘంలో అప్పు తీసుకుని కొత్త అచ్చులు చేయించుకుంది. మొదటి వేసవి కష్టంగా గడిచింది. కరెంటు కనెక్షన్ రావడానికి చాలా కాలం పట్టింది. మోటారు లేక నీళ్ళు చాలక, మొదట పోసిన స్తంభాలు సగం బీటలు వారాయి. వాటిని పగలగొట్టి కంకరగా కలుపుతుంటే రెబెకమ్మకు పాత యార్డుకు వెళ్ళిపోదామనిపించింది. మరుసటి రోజు శీనమ్మ, సంఘంలోని ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చారు. వంతులు వేసుకుని నీళ్ళు పోశారు, స్తంభాల మీద తడి గోనెలు కప్పారు. ఈసారి ఒక్కటీ పగల్లేదు.

ఆ దారిన పోతూ చెంచయ్య అనే నిమ్మతోట రైతు ఆగాడు. స్తంభాలను తట్టి చూసి పెదవి విరిచాడు. "బాగానే ఉండాయి గానీ, నాకు రెడ్డిగారి పోల్స్ అలవాటమ్మా. అవైతే నమ్మకం."

"అవి పోసింది నేనే."

చెంచయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వా? మరి ఇన్నాళ్ళూ చెప్పవేందమ్మా!" అని అక్కడికక్కడే ట్రాక్టరు తెప్పించుకున్నాడు. ఆయన చెప్పగా ఇంకొందరు రైతులు వచ్చారు.

కరెంటు వచ్చాక, రెబెకమ్మ తనే నవ్యశ్రీకి ఫోన్ చేసింది. నవ్యశ్రీ అన్న మాట ప్రకారం వచ్చింది. లీజు చూసింది, మీటరు చూసింది, సరుకు ఎక్కించుకుంటున్న రైతులతో మాట్లాడింది. యేసురత్నం దగ్గర ఆగి, "ఇక్కడ నిర్ణయాలు మీరు తీసుకుంటారా?" అని అడిగింది.

"నేను కూలీనండీ. కమ్మీలు లేటయితే తిడతాది కూడా."

ఆడకూలీలు పకపకా నవ్వారు. నవ్యశ్రీ కూడా నవ్వి, "అమ్మా, మరి ఇప్పుడు పని ఆపమని ఎవరైనా అంటే?" అని రెబెకమ్మను అడిగింది.

"వానొస్తే ఆగాల్సిందే మేడం. మనుషులు చెప్తే ఆగదు."

కొన్నాళ్ళకు ఆడవాళ్ళ పరిశ్రమల జాబితాలో ఆమె యార్డు చేరింది. పెద్ద ఆర్డర్ రాలేదు, ఆ కేంద్ర సంస్థ కంచెలో ఒక వైపుకు సరిపడా మాత్రమే వచ్చింది. పరీక్షలో కొన్ని స్తంభాలు మూల చిట్లాయని వెనక్కి పంపారు. రెబెకమ్మ వాదించలేదు, వేరేవి పోసి ఇచ్చింది. తర్వాత అదే సంస్థ, మురుగు కాలువల మీద వేసే సిమెంటు మూతలు కూడా పోసిస్తారా అని అడిగింది.

ఆ మధ్య రాజమోహన్ రెడ్డి కూడా వచ్చాడు. మేస్త్రులు నిలవక ఆయన యార్డు మూతపడింది. తన తోటకే స్తంభాలు కావాలి. వరసగా పేర్చిన స్తంభాలను చూసి, "రేటేందో చెప్పు" అన్నాడు. అందరికీ చెప్పే రేటే చెప్పింది. ఆయన బేరమాడలేదు. బండి ఎక్కబోతూ, "పని బాగానే నడిపిస్తా ఉండావు" అన్నాడు.

"కూర్చోండి సార్, టీ తాగి పోదురు" అంది రెబెకమ్మ. కూర్చున్నాడు. అందరూ తాగే స్టీలు గ్లాసుల్లోనే టీ వచ్చింది.

జెస్సీ ఇప్పుడు నెల్లూరులో సివిల్ డిప్లొమా చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా తల్లితో తగువే. కాంక్రీటు కలపడానికి మిక్సర్ కొనాలని కూతురు, మిక్సర్ వస్తే ఆడకూలీలకు పని పోతుందని తల్లి. "పని పోదు మా, వాళ్ళ నడుములు మిగుల్తాయి. చేతులు ఖాళీ అయితే కాలువ మూతలు పోయొచ్చు" అని జెస్సీ వాదించింది. రెబెకమ్మ వెంటనే ఒప్పుకోలేదు. కూలీలందరినీ చెట్టు నీడకు పిలిచి అడిగింది. శీనమ్మ లేచి, "ఎప్పుడు తెస్తావో చెప్పు, ముందు నేను తిప్పుతా" అంది.

పోయిన నెల మిక్సర్ వచ్చింది. లారీ నుంచి దించేటప్పుడు యేసురత్నం అటు పట్టు, ఇటు వంచు అని కేకలు పెడుతూనే ఉన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. శీనమ్మ కొంగు బిగించి స్విచ్ వేసింది. డ్రమ్ము గడగడ తిరిగింది. రెబెకమ్మ మొదటి తట్ట కంకర అందులో పోసి, ఇసుక తెమ్మని కేక వేసింది.