ఎలమంచిలి బావ మెసేజీలు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఏ పని చెడినా తప్పు పక్కవాడిదేనన్న నమ్మకం నాకు గట్టిగా ఉండేది. గాజువాకలో ఓ టిఫిన్ హోటల్ పైన మా ఆఫీసు (సాంబారు వాసన ఉచితం, జీతం ఆలస్యం). ప్రోగ్రామర్లం ఇద్దరమే. సర్వర్ పని ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చే బావది (ఒకరినొకరం అలాగే పిలుచుకునేవాళ్లం), ఫోన్లో నడిచే యాప్ నాది. తగరపువలసలో స్కూలు బస్సులు తిప్పే ఆయనకు మేం చేస్తున్నది ఒకటే: బస్సు వీధి మలుపు తిరగగానే ఆ కబురు సర్వర్ నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు అప్పటికప్పుడు అందాలి. కాసేపు అందేది, తర్వాత ఆగిపోయేది.

"నీ సర్వర్ నిద్రపోతంది బావా," అన్నాను, మా సారు ఎదుటే.

బావ మొహం చిన్నబోయింది. "నాను పంపుతనే ఉన్నాను. నీ యాపే అందుకోట్నేదు," అన్నాడు.

అంతే, మాటలు బంద్. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, యాప్‌ను పరీక్షించడానికి పెట్టుకున్న మెసేజీల్లోనే మాట్లాడుకునేవాళ్లం. "టీ?" అని అతను, "ఊఁ" అని నేను. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. యాప్‌లో మెసేజీలు ఆగిపోతున్నాయని ఆఫీసంతటికీ తెలుసు. బావవి ఆగడం మాత్రం పొగరువల్లేనని నేను తేల్చేసుకున్నాను.

ఓ శనివారం సాయంత్రం నా పక్కన నిలబడి, "ఎల్తన్నాను బావా," అన్నాడు. రోజూ వెళ్లేదేగా అని తల ఎత్తలేదు. సోమవారం అతని కుర్చీ ఖాళీ. హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చిందని సారు చెప్పారు.

సర్వర్ పనీ నా నెత్తిన పడ్డాక గానీ తప్పు దొరకలేదు. నెట్ తెగి మళ్లీ కలిసినప్పుడు, తానెవరో సర్వర్‌కు చెప్పడం నా యాప్ మరిచిపోతోంది. పాపం సర్వర్, అందని మెసేజీలన్నీ పట్టుకుని ఎదురుచూస్తోంది. సరిచేసి, బస్సులాయన్ని పిలిచి చూపిస్తుంటే నా ఫోన్ గుక్కతిప్పుకోకుండా మోగింది. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

"బావా, టీ?... కోపమేటి?... పలకవేటి బావా... ఆదివారం ఎల్లిపోతన్నాను, దువ్వాడ టేసనుకి రా." ఆగి, నా వైపు చూశాడు. "ఇది ఏ బస్సు బాబూ?"

బయటికొచ్చి మెట్ల మీద నుంచి బావకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"ఇప్పుడందినాయేటి," అన్నాడు మెల్లిగా. "నీకూ ఓ టీ కొన్నాను. బండి కదిలీదాకా సూసి, సల్లారిపోతాదని నానే తాగీసినాను."

ఇప్పటికీ పలకరించుకుంటాం, మర్యాదగా. ఆ చనువు మళ్లీ రాలేదు. అప్పటి నన్ను తలచుకుంటే మాత్రం జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. బావ మాట వినబడనట్టు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒకవేళ పిలుస్తాడేమోనని పాట ఆపేసి కూర్చునేవాణ్ణి.