రెండు ప్రశ్నలు తప్పిన సీటు

మా ఊరి మొదటి బస్సులో జనగామ చేరి, ఉదయం ఆరుంబావుకు సికింద్రాబాద్ ప్యాసింజర్ ఎక్కాం, నేనూ మా అమ్మాయి మౌనికా. నేను ఆర్టీసీ కండక్టర్ని. అయినా హైదరాబాద్ దాకా బస్సును నమ్ముకోలేదు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఏ పూట ఎక్కడ రాస్తారోకో అవుతుందో తెలియదు.

గచ్చిబౌలి వైపున్న ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు కోసం మౌనిక పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చి వారమైంది. సీటు వస్తుందో రాదో అక్కడే అడుగుదామని నేనే బయల్దేరదీశాను.

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి లోకల్ రైలు పట్టుకున్నాం. పెట్టెనిండా మెడలో కార్డులు వేసుకున్న ఉద్యోగులే. మా పక్కన కూర్చున్నామె పాలమూరు మనిషి. ఒక కంపెనీలో ఊడ్చి తుడిచే పని అట. మౌనిక చేతిలో ఫైలు చూసి, "ఇంజనీరింగా బిడ్డా? మా ఆఫీసుల ఆడపిల్లలు మస్తుమంది ఉన్నరు. నువ్వు గూడ వస్తవ్ తియ్యి" అంది. మౌనిక నవ్వి కిటికీ వైపు తిరిగింది. ఆమె హైటెక్ సిటీలో దిగిపోయింది. మేము తర్వాతి స్టేషన్ హఫీజ్‌పేటలో దిగి, కొండాపూర్ మీదుగా షేర్ ఆటోలో పదిన్నరకు యూనివర్సిటీ గేటు చేరాం.

అడ్మిషన్ల గది మొదటి అంతస్తులో ఉంది. వెళ్లేవాళ్లు ర్యాంకు కార్డు జిరాక్స్ తీసుకెళ్లండి, లోపల తీయరు. అక్కడి ఉద్యోగి కోస్తా వైపు పెద్దమనిషి. పోయినేటి జాబితా తీసి, వేలు పెట్టి కిందిదాకా చూశాడు.

"రాదండి. ఆఖరి రౌండు దాకా ఆగినా కష్టమే" అన్నాడు. జాబితా మడిచి పెడుతూ, "ఇంకో రెండు ప్రశ్నలు రైటయి ఉంటే వచ్చేసేదండి. తెలివైన పిల్లే" అన్నాడు.

బయటికొచ్చి చెట్టు నీడలో పెరుగన్నం తిన్నాం. తర్వాత మౌనిక లైబ్రరీ దగ్గరికి నడిచి, అద్దాల్లోంచి లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను పిలవలేదు.

పోయినేడు మేం ఆర్టీసీ వాళ్లం తెలంగాణ కోసం దాదాపు నెల రోజులు బస్సులు ఆపేశాం. డిపో ముందు టెంటులో రోజూ నేనూ కూర్చున్నాను. మా ఊరి నుంచి జనగామ కోచింగుకు బస్సు తప్ప దారి లేదు. ఆ నెలంతా మౌనిక ఇంట్లోనే ఉంది. తెలంగాణ రావాలనే ఇప్పటికీ కోరుకుంటాను. ఆ సమ్మె తప్పని ఈరోజుకీ అనలేను. కానీ 'రెండు ప్రశ్నలు' అన్న మాట విన్నప్పటి నుంచి ఆ నెల రోజులే లెక్కపెట్టుకుంటున్నాను.

తిరుగు రైల్లో సీట్లు దొరికాయి. ఘట్‌కేసర్ దాటాక అన్నాను, "అంత దూరం తీస్కపోయి నిన్ను బాధపెట్టిన బిడ్డా."

"రాదని నాకు ఎర్కే బాపూ. మొన్ననే నెట్ సెంటర్ల చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు ఆశ పెట్టుకున్నవ్. నాకు గూడ ఆ కాలేజీ ఒక్కసారి చూడాలనిపిచ్చింది."

రైలు ఏదో చిన్న స్టేషన్‌లో ఆగి కదిలింది. అడగకుండా ఉండలేకపోయాను.

"నీకు తప్పిన ప్రశ్నలు సమ్మె రోజులల్ల కోచింగుల చెప్పిన పాఠాలల్లయేనా?"

మౌనిక ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టింది.

"కాదు బాపూ. అవి మొదటి నుంచీ నాకు రావు."

సమ్మె నెలలో ప్రతి సాయంత్రం ఇంటికొచ్చేసరికి, చెప్పేవాళ్లు లేక, పుస్తకం ముందేసుకుని ఒకే పేజీ మీద ఆ పిల్ల పడిన అవస్థ నేను కళ్లారా చూశాను.

"అంతేనా బిడ్డా?" అన్నాను.

"అంతే" అంది, నా భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకుంటూ.