ఆదినారాయణ గారి రెండో బ్యాటరీ

బురదలో దిగబడిన బసవమ్మ ఎడ్లబండిని కంట్రాక్టరు ఆదినారాయణ గారి జీపు క్షేమంగా బయటికి లాగింది. ఆ తరువాత బసవమ్మ ఎడ్లు ఆ జీపును గురజాల దాకా క్షేమంగా లాక్కొచ్చాయి. బజారు పొడుగునా కంట్రాక్టరు గారు ఎవరి వంకా చూడకుండా స్టీరింగు పట్టుకొని కూర్చున్నారు.

అవి సాగరు కాలువ తవ్వుతున్న రోజులు. ఆ జీపు బంపరుకు ఇనుప తాడు చుట్టుకుంటూ లాగే వించి ఉండేది. అది బ్యాటరీతో తిరుగుతుంది. ఇంజను నడుస్తుంటే ఒక్క బ్యాటరీ చాలు. అయితే పెట్రోలు దండగని కంట్రాక్టరు గారు ఇంజను ఆపించి మరీ లాగించేవారు. బసవమ్మ బండిని లాగిన రోజూ అంతే, బ్యాటరీ అయిపోయి ఇంజను మళ్ళీ స్టార్టు కాలేదు.

"ఇట్టాగయితే రెండో బ్యాటరీ ఉండాల్సిందేనయ్యా," అన్నాడు డ్రైవరు ఏసోబు.

"ఏందిరా, జీపుకి రెండు గుండెకాయలా?"

"పోనీ, ఇంజను నడవనియ్యండి."

"పెట్రోలు మీ మావ పోస్తాడా?"

కానీ బజారులో వినిపించిన నవ్వులు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. వారం తిరక్కుండా రెండో బ్యాటరీ కొని, సీటు కింద పెట్టె చేయించి బిగించారు.

క్రిస్మస్ ముందు ముసురులో ఈసారి జీపే నల్లరేగడిలో దిగబడింది. తాడు తుమ్మచెట్టుకు కట్టి, అలవాటుగా ఇంజను ఆపించి లాగించారు. సగంలో బ్యాటరీ చచ్చింది.

"రెండోది తగిలించరా," అని దర్జాగా చుట్ట ముట్టించారు కంట్రాక్టరు గారు.

ఏసోబు కదల్లేదు. ఆయనే సీటు ఎత్తి చూస్తే పెట్టె ఖాళీ. అప్పటికే బసవమ్మ నవ్వుకుంటూ బండి తోలుకొని దగ్గరికొస్తోంది.

"ఒరేయ్ ఏసోబూ, నా బ్యాటరీ ఏదిరా?"

"కరెంటు లేని మా చర్చిలో మైకుకి పెట్టొచ్చానయ్యా, మన జీపు దిగబడకుండా చూడమంటే దేవుడికి గట్టిగా వినపడాలి గదా!"