దుప్పటి మడతపెట్టిందెవరు?

బెంగళూరు శివారు హెబ్బగోడిలో మా ఆసుపత్రివాళ్లు నర్సులకిచ్చిన హాస్టల్లో నాది చిన్న గది. ఒకటే మంచం, ఇద్దరం. పగటి డ్యూటీ నాది, రాత్రి డ్యూటీ ఇంకో అమ్మాయిది. ఆమె ముఖం సరిగ్గా చూసిన గుర్తు లేదు కానీ, పరుపు మీద ఆమె వదిలివెళ్లిన వేడి మాత్రం బాగా తెలుసు. లేచినవాళ్లు దుప్పటి మడిచి కాళ్లవైపు పెట్టాలి, దిండు తిరగేయాలి. అది మా ఒప్పందం.

ఆమె ఉద్యోగం మానేసింది. బదులు ఎవరూ రాలేదు. అసలే అలసిపోయి ఉన్న మాకు గోరుచుట్టు మీద రోకటిపోటు: పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం కాస్త విరామం, మళ్లీ సాయంత్రం డ్యూటీ. నర్సులు నిలవడం లేదని యాజమాన్యం బెంగపడి, మమ్మల్ని ఉత్సాహపరచడానికని మా చేత కేకు కోయించింది. ఒళ్లు మండింది. అయినా తిన్నాను, ఆకలి అలాంటిది.

ఇక మంచమంతా నాదే కదా అని, పొద్దున దుప్పటి ఎక్కడిదక్కడే వదిలేసి పరుగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి అది మడిచి కాళ్లవైపు ఉండేది. దిండు తిరగేసి ఉండేది. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉండేది. భయంతో ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. సొంతూళ్లో ఉంది. “ఆ నరకానికి మళ్లీ నేనెందుకొస్తానక్కా” అంది.

ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగొచ్చి, హాస్టల్ చూసుకునే ఆంటీని అడిగాను. బెంగళూరులోనే పుట్టిపెరిగిన తెలుగావిడ.

“నా గదిలోకి ఎవరొస్తున్నారు ఆంటీ?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఎవరొస్తారమ్మా? దినామూ మధ్యాన్నం నువ్వే వచ్చి పండుకొని పోతుండావు. ఈపొద్దు పిలిస్తే పలకనే లేదు. కండ్లు తెరిచే ఉండాయి. నాకు భయమైంది.”

మధ్యాహ్నాలు వార్డు బయట బెంచీ మీదే కూర్చుంటున్నాననుకున్నాను. మంచమెక్కింది గుర్తులేనిదానికి, మందు ఇచ్చింది గుర్తుంటుందా? ఆసుపత్రికి పరుగెత్తాను. ఆ సాయంత్రం నేను ఇన్సులిన్ ఇచ్చిన పెద్దాయన, అనంతపురం వైపు తాపీమేస్త్రీ, మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“సూది ఎన్నిసార్లు వేశాను పెద్దాయనా?”

“ఒకసారే తల్లీ. రెండోసారి తెస్తే నేనే వద్దంటి. సరేనని నగుకుంటా పోతివి.”

ఆ నవ్వు నాకు గుర్తులేదు.

మర్నాడు నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఇక ఒక్క డ్యూటీయే చేస్తానన్నాను.

“అందరూ రిజైన్ చేసి పోతున్నారు. నువ్వూ బెదిరిస్తే ఎలా?”

“బెదిరింపు కాదు మేడమ్. ఉండడానికే అడుగుతున్నా. నిన్న ఆ పెద్దాయన నిద్రలో ఉండి ఉంటే?”

ఆమె పెన్ను తీసి డ్యూటీ చార్టులో నా సాయంత్రం డ్యూటీ కొట్టేసింది. ఆ గడిలో ఇంకెవరి పేరు రాయాలో తెలియక, పెన్ను అట్లాగే పట్టుకుని కూర్చుంది.